ట్రేల గదిలో సముద్రం

నవంబరు 9

మళ్ళీ కొలిచాను. హాలు గోడ పదకొండు అడుగులు, అద్దాల తొట్టికి ఎనిమిది. చిన్నాయన కొత్త ఇంటికి ఇంకా సున్నం కూడా పడలేదు. టేపు పట్టుకుని నేను తిరుగుతుంటే పనివాళ్ళు పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. ఇంజినీరమ్మ అట. కాదని చెప్పలేదు.

చిన్నాయనకు కావలసినవి రెండే. హాల్లో అడుగు పెట్టగానే గోడంతా సముద్రం కనపడాలి — పగడాలు, చేపలు, అన్నీ ప్రాణంతో. చప్పుడు మాత్రం వినపడకూడదు. “టమోటా మండీలో దినమంతా అరుపులే పాపా. ఇంటికొచ్చినా మోటర్ల రొద అంటే నావల్ల కాదు.”

అంటే అద్దం ఒక చోట, మిషన్లు ఇంకో చోట. నీళ్ళు తొట్టిలోంచి దిగి, గోడ దాటి, వేరే గదిలో శుభ్రపడి, చల్లబడి, మళ్ళీ ఎక్కి రావాలి. కాగితం మీద బాణాలు గీశాను. చాలా తేలిగ్గా ఉంది, కాగితం మీద.

భోజనం దగ్గర నాయన తేల్చేశాడు. “మీ చిన్నాయన ఇంట్లో ఆ సముద్రం నిలబడితే బస్టాండు కాడ మన అంగడి నీకే. చేపలమ్ముకుంటావో, తొట్లు కట్టుకుంటావో నీ ఇష్టం. నిలబడకుంటే నంద్యాల, బ్యాంకు కోచింగు. మళ్లా మాట మార్చకూడదు.”

సరే అన్నాను. ఎమ్మెస్సీ జువాలజీ చదివి రెండేళ్ళుగా ఇంట్లో ఉన్నదానికి ఇంతకంటే మంచి బేరం పత్తికొండలో ఎవరిస్తారు...


నవంబరు 13

మిషన్ల గది ఎక్కడ?

మిద్దె మీద గది — ఏప్రిల్లో అక్కడ చెప్పులు నేలకు అతుక్కుంటాయి. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఆ వేడిలో ఏం చేస్తుంది, తనే చల్లబడాలి ముందు. మెట్ల కింద — రొద నేరుగా హాల్లోకే. వంటింటి వెనక — చిన్నమ్మ ముఖం చూసి నేనే కొట్టేశాను.

మిగిలింది పెరట్లో ట్రేల గది. స్థలం కొన్నప్పటి నుంచీ ఉన్న రాతి గది, బండల కప్పు, విరిగిన టమోటా ట్రేలు పడేసే చోటు. మూరెడు మందం గోడలు. మధ్యాహ్నం రెండింటికి కూడా లోపల చల్లగా ఉంది. ఎండిపోయిన టమోటా వాసన. దాని పక్కనున్న పాత గదిలో అవ్వ, నాయన వాళ్ళ అమ్మ, ఇప్పటికే ఉంటోంది.

“హాలుకూ దీనికీ శానా దూరం కదా మా” అన్నాడు ఖాజా అన్న. ప్లంబింగు పనంతా ఆయనదే.

“దూరమే కావాల అన్నా. సప్పుడు ఈడ ఉండాల, నీళ్లు ఆడ ఉండాల.”

కాసేపు పైపు చుట్ట మీద కూర్చుని ఆలోచించాడు. “ఇదేందో బాగుండాదే. మా ఇంట్లోగూడ ఇట్ల ఏర్పాటు చేసుకోవాల. మనిషి ఒక గదిలో, నోరు ఇంకో గదిలో.”


నవంబరు 17

ఆలూరు నుంచి వాస్తు చూసే స్వామి వచ్చాడు. చిన్నాయన నా కాగితం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూశాడు.

“బరువు నైరుతిలో. నీళ్లు ఈశాన్యంలో. దీంట్లో మార్పు లేదు.”

“ఇది బరువా నీళ్లా స్వామీ?” — చిన్నాయన.

అందరం ఆగిపోయాం. నిండితే ఒక ట్రాక్టరు లోడు ఉంటుంది అద్దం, రాయి, నీళ్ళు కలిపి. స్వామి కళ్ళు మూసుకుని తేల్చాడు. కనపడేది బరువు, మిషన్ల దగ్గర తిరిగేది నీళ్ళు. తొట్టి నైరుతి గోడకు రావాలి. ట్రేల గది ఎలాగూ ఈశాన్యం మూలనే ఉంది. నా లెక్కా ఆయన లెక్కా ఒకటే అయ్యాయి.

పోతూ పోతూ అవ్వతో అన్నాడు — “ఈ ఇంటికి ఈశాన్యంలో గంగ పడినట్లే తల్లీ.” ఆయన బండి మలుపు తిరిగేదాకా అవ్వ జోడించిన చేతులు దించలేదు.


నవంబరు 26

కడప పోయి వచ్చాం, నేనూ ఖాజా అన్నా. మిషన్లకు అరుగు కట్టాలి. ఉప్పు నీళ్ళు తగిలితే ఇనుము నిలవదు, చెక్క నిలవదు. కడప బండే దిక్కు.

బండల అంగడి వెనక ఒక వరస విడిగా పడేసి ఉంది. “అవి ఒద్దు మా. మింద అలలుండాయి, పాలిష్ పట్టవు” అన్నాడు అంగడాయన. చేయి పెట్టి చూశాను. నిజంగానే అలలు. నీళ్ళు వెనక్కి పోతూ ఒండ్రు మీద వదిలిన మడతలు, అవి అట్లాగే రాయి అయిపోయాయి. వైజాగులో చదివిన రెండేళ్ళూ పాదాల కింద చూసినవే. ఈ నేల మీద ఎప్పుడో సముద్రం ఉండేదని డిగ్రీలో చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, మరిచిపోయాను.

“అవే ఇయ్యి” అన్నాను. వెనక్కి తీసుకోనని రెండుసార్లు చెప్పి మరీ లారీకి ఎక్కించాడు.

తిరుగు బస్సులో ఖాజా అన్న కిటికీ వైపు చూస్తూ — “అయితే సముద్రం ఈడికి వచ్చేది ఇది రెండోసారి అన్నమాట.”


డిసెంబరు 4

అద్దాలు వచ్చాయి. ఎనిమిది మంది మోశారు. దించేదాకా ఒక్కరూ మాట్లాడలేదు. దించాక అందరూ ఒకేసారి.


డిసెంబరు 10

అవ్వకు తొట్టి బొమ్మ చూపించాను. ఫోన్లో పగడాల వీడియో కూడా. ముళ్ళ చెట్టులా ఒకటి, గొడుగులా ఒకటి, వేళ్ళు ఊపుతున్నట్టు ఇంకొకటి. సముద్రం నుంచి పీకినవి వద్దు, చెన్నైలో ఒకాయన తొట్లలో పెంచిన మెత్తని పగడాలే తెప్పిస్తానని చెప్పాను. ఆమె ఫోను చూడలేదు, నన్నే చూసింది.

“పగడమంటే ఉంగరంలో రాయి కదా. మీ చిన్నమ్మ పెండ్లి కాకముందు కుజ దోషానికి పెట్టుకొనింటాది.”

“రాయి కాదవ్వా. ప్రాణముండాది దానికి. తింటాది, పెరుగుతాది.”

“రాయి తింటాదా?”

“నీళ్లు మంచిగుంటే తింటాది.”

“సరేలే. నువ్వు చదువుకున్నావు” అంది. నమ్మనప్పుడు అవ్వ వాడే మాట అది.


డిసెంబరు 21

మంచినీళ్ళతో మొదటి పరీక్ష. తొట్టి నింపాం, ట్రేల గదిలో ఆ నీళ్ళు దిగి చేరే కింది తొట్టి నింపాం, మోటరు వేశాం. నీళ్ళు నేల కింద పైపుల్లో పోయి తిరిగి వచ్చాయి. హాల్లో నిలబడి విన్నాను. ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు తప్ప. పెరట్లోకి పోతే అక్కడ ఏరు పారుతున్నట్టు ఉంది. నేను గీసిన బాణాలు తడిగా తిరుగుతున్నాయి...

తర్వాత కరెంటు తీసి చూద్దామన్నాను. మన ఊరిలో కరెంటు పోవడం అనుమానం కాదు కదా, నిశ్చయం. మెయిను దించాడు ఖాజా అన్న.

మోటరు ఆగితే పైనున్న నీళ్ళు కొన్ని కిందికి దిగుతాయి, దానికి చోటు వదిలాను. అద్దం అంచు నుంచి దిగేవి లెక్క కట్టాను. ముప్పై అడుగుల పైపుల కడుపులో ఉన్న నీళ్ళు మాత్రం లెక్కలో లేవు. అవన్నీ వెనక్కి వచ్చాయి. కింది తొట్టి అంచులు దాటి, ట్రేల గది గడప దాటి, పెరట్లోకి. మోకాళ్ళ దాకా లుంగీ ఎత్తుకుని ఖాజా అన్న — “నీ సముద్రానికి ఆటుపోట్లుగూడ ఉండాయి మా.”

నీళ్ళు ఎక్కే పైపులో పైన చిన్న రంధ్రం వేశాం, గాలి పీల్చుకుంటే నీళ్ళు వెనక్కి లాగవు. కింది తొట్టిలో గీత దించాం. మళ్ళీ కరెంటు తీశాం. అంచుకు జానెడు కింద ఆగింది. ఇంకోసారి తీశాం. ఆగింది.

నాయనకు ఈ సంగతి చెప్పలేదు. చిన్నమ్మ చెప్పే ఉంటుంది.


జనవరి 3

ఉప్పు కలిపిన రోజు. డ్రమ్ముల్లో కలిపి, కొలిచి, ఇంకొంచెం కలిపి, మళ్ళీ కొలిచి. పత్తికొండ బోరు నీళ్ళు నేరుగా పనికిరావు, ఫిల్టరు పట్టాలి. ఒక బిందె పనికొచ్చే నీళ్ళకు మూడు బిందెలు బయటికి పోతాయి. పారబోయలేను. గోడ బయట తొట్టి కట్టించి ఆ పైపు అందులోకి పెట్టించాను, గుడ్డలుతుక్కోవడానికి వీధిలో వాళ్ళు తీసుకుపోతున్నారు.

“చేపలకు మినరల్ వాటరు, మనకు వాటి ఎంగిలి” — ఎదురింటామె, బిందె చంకన పెట్టుకుంటూ. నవ్వుతూనే అంది.

సాయంత్రం అందరూ తొట్టి ముందు ఫోటోలు. చిన్నాయన, చిన్నమ్మ, నాయన, సున్నం వేసేవాళ్ళు కూడా. నీళ్ళూ రాళ్ళూ తప్ప ఏం లేవు ఇంకా. అయినా తొట్టి లైటుకు అందరి ముఖాలూ నీలంగా, పెళ్ళి వీడియోలోలాగా.


జనవరి 12

నీళ్ళు పండాలి. చిన్నాయనకు అర్థమయ్యే మాట అదొక్కటే దొరికింది. కంటికి కనపడని సూక్ష్మజీవులు రాళ్ళలో కాపురం పెట్టాలి, అప్పటిదాకా ఏ ప్రాణినీ వేయకూడదు.

“పండేదానికి ఎన్నాళ్లు?”

“నెల. ఇంకా పైన గూడ పట్టొచ్చు.”

“కాయకు కార్బైడు ఉన్నట్ల నీళ్లకేం లేదా?”

లేదన్నాను. ఆ రంగంలో ఎవరూ బుర్ర పెట్టలేదా అని ఆశ్చర్యపోయాడు. గృహప్రవేశం మాఘంలో, ఫిబ్రవరి పదకొండు. మండీ వాళ్ళంతా వస్తారు. ఆ రోజుకు గోడ మీద రంగులు కదలాలి. “మాటిచ్చినా అందరికీ. నా బిడ్డ చేస్తాంది అని చెప్పినా” — అన్న కూతురని చెప్పలేదట.


జనవరి 20

అవ్వ పొద్దున్నే చెప్పింది — “ఆ గదిలో నీళ్ల సప్పుడు వినపడతాంటే నిద్ర బాగా పడతాంది పాపా.”


జనవరి 29

పగడాలకు ఆర్డరు పెట్టే ముందు పరీక్షలన్నీ ఒకసారి. ఉప్పు సరి. వేడి సరి. నీళ్ళు పండాయి. చివరిది రాగి. ఊరికే చేశాను, చేయాలి కాబట్టి.

రంగు తిరగకూడదు. తిరిగింది.

మళ్ళీ చేశాను. కొత్త సీసాతో మళ్ళీ. అదే నీలం.


జనవరి 30

పగడానికి, నత్తకు, రొయ్యకు రాగి విషం. రవ్వంత చాలు. చేప తట్టుకుంటుంది. పగడం నోరు మూసుకుని, ముడుచుకుని, కరిగిపోతుంది. ఇంకా ఘోరం, రాళ్ళు రాగిని తాగేస్తాయి. నీళ్ళు మార్చినా మెల్లమెల్లగా కక్కుతూనే ఉంటాయి.

ఎక్కడి నుంచి? ఫిల్టరు నీళ్ళలో లేదు. ఉప్పులో లేదు. ఎక్కడో లోహం తగులుతోంది.


ఫిబ్రవరి 1

ఖాజా అన్న మీద పడ్డాను. పడకుండా ఉండాల్సింది. ఎక్కడో రాగి కలిసిన ఇత్తడి వాల్వు వేసి ఉంటాడని.

“నువ్వు చెప్పినేదే ఏసినా మా. అంతా ప్లాస్టిక్కే. ఇత్తడి నాకు మాత్రం ఊకె వస్తాదా?”

“ఒక్కటన్నా ఏసింటావు. గుర్తు తెచ్చుకో.”

పానా నేల మీద పెట్టాడు. చప్పుడు రాకుండా. “పద, ఇప్పుదాం. అన్నీ ఇప్పుదాం. దొరికితే ఈ పని మళ్లా చేయను. దొరకకుంటే నువ్వు నాతో ఈ మాదిరి మాట్లాడకూడదు.”

మధ్యాహ్నం దాకా ఇప్పాం. అన్నీ ప్లాస్టిక్కే. టీ తెప్పించాను. తాగాడు. క్షమించమని అడిగాను, తల ఊపి గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.


ఫిబ్రవరి 2

దొరికింది.

కింది తొట్టి మూలలో, నురగ తీసే గొట్టం వెనక, చేయి సరిగ్గా పోని చోట. ఒక దారం. దారానికి గుచ్చిన పాత రాగి చిల్లికాణీలు, ఐదు. పసుపు దారమే అయి ఉంటుంది, ఇప్పుడు ఆకుపచ్చ.

తడి చేత్తోనే అవ్వ గదిలోకి పోయాను. నా చేతిలో చూసింది. ఏదో దొరికిపోయిన ముఖం కాదు. తప్పు నాదైనట్టు చూసింది.

“తీసినావా? గంగమ్మకు ఇచ్చినేవి తీయకూడదు పాపా.”

“ఎప్పుడేసినావు అవ్వా?”

“ఉప్పు నీళ్లు పోసిన దినమే. మీరంతా ఆ పక్క ఫోటోలు దిగుతాంటిరి.”

మంచం మీద పక్కకు జరిగింది, కూర్చోమని. అప్పుడు చెప్పింది. బోరు బండి చేనుకు వచ్చిన ప్రతిసారీ ఆ కాణీలు కొంగున ముడేసుకుని గట్టు మీద కూర్చునేదట. నీళ్ళు పడినాక రాగి వేయాలి, పసుపు కుంకుమ వేయాలి. పడకముందు వేయకూడదు. బండి తెల్లదుమ్ము కక్కేది, పొద్దు గూకేది, కాణీలు మళ్ళీ ఇంటికి. “ఎన్ని బోర్లు ఏసినాడో మీ తాతనే మర్చిపాయ. ముడి మాత్రం నేను ఇప్పలా. ఇంగ ఇప్పేది ఉండదు అనుకున్నా.”

నేను చేతిలో దారాన్నే చూస్తున్నాను.

“స్వామి చెప్పినాడు కదా ఈశాన్యంలో గంగ పడినట్లేనని. నేనుగూడ విన్నా, సప్పుడు. నీళ్ల సప్పుడే అది.”

“రాగి పడదవ్వా” అన్నది నాలుక చివరిదాకా వచ్చింది.

“రాగి మంచిదని నువ్వే కదా చెప్తాంటివి. చెంబులో పోసుకోని తాగు అవ్వా అని.”

అవును. నేనే. చెంబు కొనిచ్చింది కూడా నేనే.

“దారం మిషన్లో చుట్టుకుంటాది. అందుకే తీసినా” అన్నాను.

“అట్లనా. అయితే దేవుని గూట్లో పెడతాలే. ఇచ్చినట్లే కదా?”

“ఇచ్చినట్లే.”


ఫిబ్రవరి 3

రాగిని పీల్చే గుళికలు చెన్నై నుంచి తెప్పిస్తున్నాను. పీల్చుకున్నకొద్దీ నీలమవుతాయట. సగం నీళ్ళు మార్చాను. పరీక్ష — ఇంకా నీలం, కాస్త పలుచన.


ఫిబ్రవరి 5

మండీకి పోయి చిన్నాయనకు చెప్పాను. ఇంట్లో అయితే అవ్వ వింటుంది.

వేలం పాట నడుస్తోంది. ట్రేల మధ్య నిలబడి విన్నాడు, ఒక చెవి నాకు, ఒక చెవి పాటకు. రాగి కలిసింది, పగడాలు ఇప్పుడు వేస్తే చస్తాయి, పదకొండో తేదీకి కాదు.

“ఎట్ల కలిసింది?”

“ఆ గదికి నేను తాళం పెట్టలా.”

“తాళం పెట్టకుంటే రాగి నడుచుకుంటా వచ్చిందా?”

కింద పడిన కాయ ఒకటి ఏరి ట్రేలో వేశాను. నా ముఖం కొంచెంసేపు చూశాడు, ఎందుకో మళ్ళీ అడగలేదు.

“చేపలు బతుకుతాయా ఆ నీళ్లలో?”

“చేపలైతే బతుకుతాయి.”

“అయితే ఇంగేమి? బెంగళూరు హోటల్లో చూసినా, ప్లాస్టిక్ పగడాలు. ముట్టుకున్నా తెలీలా నాకు. అవి పెట్టు, చేపలు వదులు. ఈడ చూడు పాపా” — పక్కనున్న ట్రే వంచి చూపించాడు. పైన ఎర్రగా, గట్టిగా, ఒకే సైజు. కింద సంగతి వేరు. “పై వరస బాగుంటే పాట బాగా పోతాది. మిగతాది మళ్లా చూసుకుందాం.”

అంగడి నాదవుతుంది. ఎవరికీ తెలియదు. అవ్వ పేరు రాదు. ప్లాస్టిక్ పగడాలు గుంతకల్లులోనే దొరుకుతాయి, రేపటికి వస్తాయి.

ఆలోచించి చెప్తానన్నాను.


ఫిబ్రవరి 6

ప్లాస్టిక్ పెట్టి అంగడి తెరిస్తే ఇక నన్ను పిలిచేది ప్లాస్టిక్కుకే. కర్నూలు డాక్టర్లు, ఆదోని షావుకార్లు, అందరూ “మీ చిన్నాయన ఇంట్లో ఉండే మాదిరి” అంటారు. నేను పెడుతూ పోతాను. అప్పుడు బ్యాంకుకూ దానికీ తేడా ఏమిటో...

ఇది గొప్పతనమేమీ కాదు. గర్వం అయి ఉండొచ్చు. అయినా తోచింది ఇదే.

ప్లాస్టిక్ పెట్టను, నీళ్ళు బాగయ్యేదాకా చేపలూ వదలను అని ఫోన్లో చెప్పాను. ఎదురుగా అయితే నోరు రాదు.

“అంటే నా గృహప్రవేశానికి తొట్టి ఖాళీగా పెడతావు.”

“నీళ్లుంటాయి చిన్నాయనా. రాళ్లుంటాయి. లైటుంటాది.”

అవతల లారీ హారన్లు. “సరే, నీ ఇష్టం” అని పెట్టేశాడు. ఆ సరే ఏ రకం సరేనో తెలియదు.


ఫిబ్రవరి 7

నాయనకు చిన్నాయనే చెప్పేశాడు. అరుస్తాడనుకున్నాను. కండువా మడత పెడుతూ మాట్లాడాడు.

“నంద్యాలలో కొత్త బ్యాచి నెలాఖరుకు మొదలు. అంతవరకు చూస్తా. పగడం బతికే నీళ్లయినాయని చెప్తే అంగడి తాళాలిస్తా, కాలేదంటే బస్సెక్కల్ల.”

“ఎవరు చెప్పాల?”

“నువ్వే. నాకేం తెలుస్తాది, నువ్వు చెప్పినేదే నమ్ముతా.”

అరిచి ఉంటే బాగుండేది.


ఫిబ్రవరి 11

గృహప్రవేశం. ఆవు, పాలు, పొంగు, హోమం, పొగ. నేను తొట్టి పక్కనే నిలబడ్డాను, ఎవరూ అద్దం మీద వేళ్ళు పెట్టకుండా. అందరూ పెట్టారు.

“చేపలు యాడప్పా?” — కోడుమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చిన్నాయనను.

చిన్నాయన నా వైపు చూడలేదు. “దావలో వస్తాండాయి మామా.”

“నీళ్లు మాత్రం ముందొచ్చినాయి.”

“నీళ్లు రావాల కదా ముందు. చేప ముందొస్తే యాడుంటాది?”

నవ్వులు. ఎవరో మూత పక్కకు జరిపి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. “ఉప్పే అప్పా, నిజంగా ఉప్పే.” ఇక ఆపలేకపోయాను. వరసగా వచ్చారు — మండీ హమాలీలు, చుట్టాలు, పట్టుచీరలు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. వేలు ముంచడం, నాకడం, మొహం చిట్లించడం, నవ్వడం. సముద్రం చూడని వాళ్ళే ఎక్కువ. కోడుమూరు పెద్దాయన రెండోసారి కూడా నాలుకకు పెట్టుకుని తీర్పు చెప్పాడు — “మా బోరు నీళ్లూ ఇంతే. మేం దీనికి అద్దం కట్టలా, అంతే.”

అన్ని వేళ్ళు, అన్ని చేతుల నూనెలు. ఏ పుస్తకమూ ఒప్పుకోదు. కానీ ఆ గంటసేపు తొట్టి ఖాళీగా ఉందని నాకు అనిపించలేదు.

అవ్వను కుర్చీ వేసి తొట్టి ముందు కూర్చోబెట్టారు. వచ్చిన ఆడవాళ్ళకు చూపిస్తోంది, “ఇది కాదు, అసలు నీళ్లు పెరట్లో ఉండాయి” అని.


ఫిబ్రవరి 13

ట్రేల గదికి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో.

“నీళ్లకు తాళమేంది పాపా?” — అవ్వ. నేను వినపడనట్టు పైపులు తుడిచాను.


ఫిబ్రవరి 18

గుళికలు నీలమయ్యాయి. మార్చాను. కొత్తవి వేశాను. అవీ నీలం... ముందటి కంటే లేతగా.

ఖాజా అన్న వచ్చాడు, పిలవకుండానే. రాగి ఎక్కడి నుంచి వచ్చిందో దొరికిందా అని అడిగాడు. దొరికింది, నీ తప్పేం లేదు అన్నా అన్నాను. మిగతాది అడుగుతాడని చూశాను. అవ్వ గది వైపు ఒకసారి చూసి, “మా ఇంట్లో గూడ ఒక పెద్దామె ఉండాది మా” అన్నాడు. నీళ్ళ డ్రమ్ములు తనే ఎత్తి పోశాడు.


ఫిబ్రవరి 23

పరీక్ష. రంగు తిరగలేదు.

మళ్ళీ చేశాను, తిరగలేదు.

సంతోషించాలి. కానీ ఈ సీసా పట్టుకోలేనంత తక్కువ కూడా పగడాన్ని చంపగలదు. రాళ్ళు ఎంత తాగాయో, ఎప్పుడు కక్కుతాయో ఏ సీసా చెప్పదు. ప్రాణమున్నదే చెప్పాలి. చెన్నై ఆయన అన్నాడు — ఒక నత్తను వేసి చూడండి. ముందు తెలిసేది దానికే.


ఫిబ్రవరి 25

నత్త వచ్చింది. బస్సులో, ఐసు డబ్బాలో, సంచి నీళ్ళలో. బొటనవేలంత. సంచిలోకి బొట్టు బొట్టుగా మా నీళ్ళు కలిపి, అలవాటు చేసి, మధ్యాహ్నం వదిలాను. రాయి మీద పెట్టగానే మూత బిగించుకుంది. భయం అయి ఉండొచ్చు. ప్రయాణం బడలిక అయి ఉండొచ్చు.

ఒక ప్రాణిని విషం ఉందేమో చూడమని వేశాను. ఈ వాక్యం రాశాక రెండుసార్లు చదివాను.


ఫిబ్రవరి 26

కదలలేదు.

నాయన అటక మీది బ్యాగు దించి దులిపాడు. నా గదిలో పెట్టలేదు, మా ఇంటి వరండాలో పెట్టాడు.

చిన్నాయన మండీ నుంచి వస్తూ తొట్టి ముందు చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. “ఏమంటాంది నీ నత్త?”

“ఏం అనలేదు ఇంకా.”

“గట్టి మనిషే.” అప్పుడు చెప్పులు విప్పుతూ — “రాగి ఎట్ల వచ్చిందో నాకు తెలుసులే. మా అమ్మ కొంగు ముడి నేను చూడలేదా? చిన్నప్పటి నుంచి చూస్తాండా.” లోపలికి పోయాడు. నాయనకు చెప్తాడో లేదో. చెప్తే మాత్రం ఏం మారుతుంది, నాయన అడిగింది ఎవరి తప్పని కాదు కదా.


ఫిబ్రవరి 27

నాయన సాయంత్రం మాట అడుగుతాడు. చెన్నై ఆయన కూడా అవునో కాదో ఈ రోజే చెప్పమన్నాడు, పగడాలు ఎక్కించాలంటే.

పొద్దున లైటు వేశాను. రాయి మీద నత్త లేదు. అద్దం మీద లేదు. మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి చూశాను. ఇసుక మీద, వెనక గోడ దగ్గర, పక్కకు ఒరిగి ఉంది. చిప్ప నోరు అవతలి వైపు. నడుచుకుంటూ పోయి దొర్లిందా, పట్టు వదిలి రాలిందా... ఇక్కడి నుంచి తెలియదు. బతికున్నది కూడా పక్కకు పడితే తిరగడానికి తంటాలు పడుతుంది. చచ్చినదీ అట్లాగే పడుంటుంది.

ముట్టుకుంటే తెలుస్తుంది. బతికుంటే మూత లాక్కుంటుంది. లాక్కుంటే చెన్నైకి అవునని, లాక్కోకుంటే నాయనకు కాలేదని, ఏది కనపడితే అదే చెప్తాను.

చేతులు కడుక్కుని, గాజులు తీసి, స్టూలు వేసుకుని ఎక్కాను. అవ్వ వచ్చి కుర్చీలో కూర్చుంది, ఏం చేస్తాండావని అడగలేదు. నాయన పొద్దున్నే ఇక్కడికి వచ్చి చిన్నాయన వరండాలో కూర్చున్నాడు, దగ్గు వినపడుతోంది. ఇది రాయడానికి మళ్ళీ దిగాను, కాగితానికి తడి అంటింది.

ఇక ఎక్కాలి.